పైకి చదువు

"నాకు పనుంది నాన్నా, అమ్మని చదవమను," అన్నాడు కొడుకు, అప్పటికే ఒక కాలు గుమ్మం బయట పెట్టి.

"మీ అమ్మకి పొద్దున్నుంచి కళ్ళు మంటలట. తడిగుడ్డ వేసుకుని పడుకుంది. నువ్వు కూర్చో," అన్నాడు తండ్రి.

ఆయన ప్రూఫులు దిద్దుతాడు. ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు రచయిత పంపిన మూలప్రతిని పైకి చదువుతుంటే, ఆయన ఎర్రపెన్ను పట్టుకుని అచ్చు ప్రూఫుతో సరిచూసుకోవాలి. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. ఇన్నేళ్ళుగా ఆ చదివే పని తల్లిదే.

నిన్న ప్రెస్సు నుంచి వచ్చిన కాగితాల కట్ట బల్ల మీద కొడుకు కంటపడింది. పైన 'ఒంటి చెప్పు, మరికొన్ని ప్రేమకథలు' అని ఉంది. కింద 'గోడమీది పిల్లి' అని కలంపేరు.

ఆ పిల్లి తనే. చిన్నప్పుడు అందరూ విన్న రాజకుమారుల కథలే తీసుకుని, రాజకుమారి ఉండాల్సిన చోట ఇంకో కుర్రాణ్ణి పెట్టి రాశాడు. ప్రచురణకర్తకి అవి తెగ నచ్చాయి. కానీ ఎప్పుడూ ఆయనకి ప్రూఫులు దిద్దే మనిషి జ్వరంతో మంచమెక్కితే, అవి తిరిగి తిరిగి ఈ ఇంటికే వచ్చి పడతాయని ఎవరు కలగన్నారు? రాసింది ఎవరో తెలిస్తే, ఎందుకు రాశాడో కూడా నాన్నకి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో తల ఎత్తుకుని తిరిగేదెలాగో అతనికి తెలియదు.

తప్పించుకునే దారి లేక కూర్చున్నాడు. విందులో తనతో నాట్యం చేసి మాయమైన మనిషి కోసం, రాజకుమారుడు ఒంటి చెప్పు పట్టుకుని ఊరంతా గాలిస్తాడు. చివరికి ఓ చెప్పులు కుట్టే కుర్రాడి కొట్టు ముందు ఆగుతాడు. కొడుకు ఇదంతా వార్తలు చదివినట్టు చదివాడు. ప్రేమ తగిలిన చోటల్లా గొంతు ఇంకాస్త పొడిగా చేసుకున్నాడు.

"నిన్ను చూడకుండా కామా నేను బతకలేను ఫుల్‌స్టాప్."

తండ్రి పెన్ను ఆగింది. "ఉండు. ఇద్దరూ మగపిల్లలేనా?"

"అలాగే రాసుంది."

"ఊ. కానియ్."

ఆ 'ఊ'లో ఏముందో కొడుక్కి అంతుబట్టలేదు.

ఇంకో పేజీ దాటాక ఆయనకి మరో అనుమానం వచ్చింది. ఈ కుర్రాడు ఏ చెప్పు తీసినా ఉఫ్‌మని ఊది చొక్కా అంచుతో తుడుస్తాడేంటి, కళ్ళజోడు తుడిచినట్టు, అని అడిగాడు. కొడుకు చెవులు వేడెక్కాయి. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అతని స్నేహితుడు పోయిన నెల ఇంటికొచ్చాడు. తల్లి కొత్త కళ్ళజోడు అచ్చం అలాగే ఊది, అలాగే తుడిచి, ఆవిడ ముక్కు మీద పెట్టి వెళ్ళాడు. కొడుకు గబగబా పేజీ తిప్పేశాడు.

కలంపేరు మీద కూడా ఆయనకి గుర్రుగానే ఉంది. ఇంత బాగా రాసేవాడికి గోడమీద ఏం పని, ఎటో ఒకవైపు దూకి చావొచ్చుగా అని సణిగాడు.

అప్పుడు వచ్చింది ఆ చోటు. ఆ రెండు ముక్కల కోసం కొడుకు ఎన్ని కాగితాలు చింపాడో లెక్కలేదు. తండ్రి ముఖం కనబడకుండా, కాగితం అక్కర్లేనట్టు కిటికీ వైపు తిరిగాడు. గొంతు పొడిగా ఉంచుకోవడం మాత్రం మర్చిపోయాడు.

"చెప్పు వట్టి సాకు ఫుల్‌స్టాప్ నీ పాదం కొలవడానికి కాదు కామా నీ ముఖం ఇంకొక్కసారి చూడ్డానికి వచ్చాను ఫుల్‌స్టాప్."

తండ్రి పెన్ను ప్రూఫు మీద సాఫీగా నడిచింది. "ఊ, తర్వాత?"

కొడుకు కాగితం వైపు చూశాడు. తను ఇప్పుడు చదివిన ముక్కలు ఉండాల్సిన చోట తెల్లటి పట్టీ ఉంది. రాతలో తప్పులు చెరపడానికి పూస్తారే, ఆ తెల్లరంగు. దాని కింద ఒక్క అక్షరం కనబడటం లేదు.

"ఏంట్రా, ఆగావు?" అంటూ తండ్రి కాగితం లాక్కున్నాడు. దాన్ని చూశాడు, ప్రూఫు చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. ప్రూఫులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా కామాతో సహా చెప్పాడు వీడు.

"కనబడని వాక్యం ఎలా చదివావు?"

రెండు మూడు అబద్ధాలు నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయాయి. కొడుక్కి ఏడుపొచ్చింది.

"నేనే రాశాను నాన్నా."

"మరి ఆ ఊది తుడిచే కుర్రాడు?"

"వాడూ నిజమే."

తండ్రి ఎర్రపెన్నుకి మూత పెట్టాడు. కట్ట కట్టి వెనక్కి పంపేస్తాడనుకున్నాడు కొడుకు. తనని ఏం చేస్తాడో అనుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"ఒకే ఇంట్లో ఉండి మాకు చెప్పుకోలేకపోయావంటే బాధగా ఉందిరా," అన్నాడు ఆయన చివరికి. పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు. "చాల్లే, ఇక ఆ గోడ దిగు."

తర్వాత ఆ తడి దాచుకోవడానికో ఏమో, తెల్లరంగు మీద విరుచుకుపడ్డాడు. మూలప్రతిని పాడుచేసిన ఆ బుద్ధిలేని మనిషెవరో తేలాల్సిందేనని, ప్రెస్సుకి వెళ్ళి నలుగురిలో నిలదీస్తానని చిందులు తొక్కాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. తల్లి తడిగుడ్డ మడుచుకుంటూ, నిగనిగలాడే కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఊరికే అరవకండి, గోటితో గీకితే ఊడొస్తుంది. నిన్న పల్చగానే పూశాను."