లేడీ ఒపల్ క్యాసెట్

"తాతా, ఆ ప్లగ్గు పీకెయ్! ఓనరు చూస్తే నా ఉద్యోగం ఊడుద్ది."

బ్రాంక్స్‌లో బట్టలుతికే షాపు అది. వొనెట్టా చంకలో బిడ్డ, చేతిలో చీపురు.

మూల బల్ల మీద రెండు టేప్ రికార్డర్లు పెట్టుకున్న ముసలాయన కదల్లేదు. పేరు వెర్న్.

"పది నిమిషాలు, అమ్మాయ్. మన పార్కుల్లో ర్యాప్ పాడినవాళ్ల టేపులు బూజుపట్టి పోతున్నాయి. నేను పోయేలోపు అన్నీ వేరే క్యాసెట్లలోకి ఎక్కించాలి."

"ఫోన్లో ఎక్కించొచ్చుగా?"

"మీ ఫోన్లు నెలకోసారి నీళ్లల్లో పడతాయిగా!"

వొనెట్టాకి నవ్వొచ్చింది.

"మా అమ్మా పాడేదంట. ఒపల్. నేను పాకేటప్పుడే పోయింది. గొంతు కూడా తెలీదు. రేపు ఈ పిల్ల అడిగితే ఏం చెప్పను?"

ఆయన చెయ్యి ఆగింది.

"లేడీ ఒపల్ కూతురివా? ఆమె టేపు ఎక్కడో ఉంటది. వెతుకుతా."

"అందరూ అంటారులే."

మూడు వారాలు పత్తా లేడు. మాటల మనిషే అనుకుంది.

నాలుగో వారం దగ్గుకుంటూ వచ్చాడు.

"మీ అమ్మ స్నేహితురాలి అటక మీద దొరికింది. ఒక్కసారి తిరిగితే తెగిపోయేట్టుంది. కొత్త క్యాసెట్లు ఎక్కడా లేవు. దీన్ని ఎక్కించడానికి ఇంట్లోది ఒకటి తెచ్చా."

ఈసారి ప్లగ్గు వొనెట్టాయే పెట్టింది.

గరగరల మధ్య పదిహేడేళ్ల పిల్ల గొంతు: "ఒపల్ వచ్చింది, జరగండి జరగండి!"

వొనెట్టా బిడ్డని గట్టిగా హత్తుకుంది.

అయ్యాక ఆయన, పాట ఎక్కించిన క్యాసెట్ అంచున కన్నానికి అంటించి ఉన్న గమ్‌టేపు పీకేశాడు.

"ఈ కన్నం మూస్తేనే పాతదాని మీద కొత్తది ఎక్కుద్ది. ఇక ఎవడూ చెరపలేడు."

'లేడీ ఒపల్' అని చీటీ రాసి అంటించి ఇచ్చాడు.

అదే ఆఖరు చూపు.

చర్చిలో ఆయన శవపేటిక దగ్గర నిలబడటానికి చోటు లేదు.

"కింగ్ వెర్న్ మైకు పడితే పేటంతా రోడ్డు మీదే," అంది పక్కనున్న పెద్దావిడ.

"ఆయన పాడేవాడా? ఒక్క మాటా అనలేదే! ఏదీ, నాకూ వినిపించండి పెద్దమ్మా."

"అదేగా దొరకంది! తను పాడిన టేపులే బోలెడుండాలి. ఇల్లంతా వెతికాం. అన్నిట్లో వేరేవాళ్ల గొంతులే."

ఇంటికొచ్చి బట్టలు మార్చుకునేసరికి పిల్ల క్యాసెట్‌ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"అయ్యో, నా తల్లీ!" అని లాక్కుంది.

నానిన చీటీ ఊడొచ్చింది.

దాని కింద, వెలిసిన సిరాతో ఆయన రాతే: 'కింగ్ వెర్న్. చెరపొద్దు.'