పద్నాలుగు చింతగింజలు

"ఒక్క గింజ. ఎడమచేత్తో ఒక్క గింజ ఎత్తి ఈ గుంటలో ఏసేయమను తాయీ. సంతకం పెట్టి నా దారిన నేను పోతాను," అన్నాడు పరీక్షాధికారి దామోదరసామి.

వాసుకి, తిరుమలసామి ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో వామనగుంటల పీట. వాసుకి ముందుకు వంగి, పెద్దాయన ఒళ్ళో ఎడమచేతిని కప్పి ఉన్న తువాలు తీసింది.

"ఎత్తండి తాతా. పోయిన నెల వేళ్ళు రెండు ఆడించినారు కదా."

తిరుమలసామి కళ్ళు మూసుకున్నాడు. నుదుటిమీద నరం ఉబ్బింది, చెమట పట్టింది. వెంబకోట్టై పక్కన ఆరు పల్లెలకి తీర్పులు చెప్పిన మనిషి, ఒక చింతగింజ ముందు బడిపిల్లాడైపోయాడు. చెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు పడి ఉంది.

"రాదు సామీ," అన్నాడు కళ్ళు తెరిచి. కుడిచేత్తో మళ్ళీ తువాలు కప్పేసుకున్నాడు. చచ్చిన చెయ్యి నలుగురికీ కనబడడం ఆయనకి ఇష్టం ఉండదు.

తమిళనాడులో, కోవిల్‌పట్టి ఊరి చివర పక్షవాతం వచ్చినవాళ్ళుండే ఆ హోములో వాసుకి చేసే పని, రోగులని ఆడించి బాగుచేయడం. ఆ పనికి లైసెన్సు కావాలంటే ఐదువందల గంటలు ఆడించి ఉండాలి, ఒక్క రోగి అయినా పరీక్షాధికారి కళ్ళెదుట మెరుగుదల చూపించాలి. గంటలు ఐదువందల పన్నెండు అయ్యాయి. ఇవాళ లైసెన్సు రాకపోతే రేపటినుంచి ఆమెని ఉంచుకోలేమని హోమువాళ్ళు ముందే చెప్పేశారు.

"ఎనిమిది నెలలు ఆడించినావే, ఏమి లాబం?" అన్నాడు దామోదరసామి. ఆయనదీ సాత్తూరు పక్క పల్లెటూరే. ఇంట్లో మాట్లాడే తెలుగే ఇక్కడా మాట్లాడుతున్నాడు.

"లాబం ల్యాకేమి సార్? వచ్చిన కొత్తలో తాత నోరే తెరవలే. ఇప్పుడు నెల దినాలుగా ప్రతి ఆటా ఆయనే గెలుస్తా ఉండారు. నేను ఒక్కటీ గెలవలే."

"గెలిచేది బుర్రతో. నువ్వు ఫారంలో రాసింది చెయ్యి బాగవుతుందని." దామోదరసామి రిజిస్టరు తిరగేశాడు. "ఇదేమి? పీటకి డెబ్బై గింజలని రాసుండావు. నేను ఎంచితే యాభైయారే ఉండాయి. పద్నాలుగు ఎక్కడ పోయినాయి?"

"తెలీదు సార్. వారానికి మూడు నాలుగు తక్కువవుతా ఉండాయి. ఎలకలేమో అనుకున్నా."

"చింతగింజలకి అలవాటుపడిన ఎలకలు. సరి. గింజల్నే కాపాడలేనిదానివి, మనుషుల్ని ఏమి కాపాడతావు?"

వాసుకి తల దించుకుంది. పెద్దాయన బల్లమీద ఇటూ అటూ కదిలాడు.

"ఆ మాట అనొద్దు సామీ."

"అనేది ఏముంది పెద్దాయనా, రాసేదే." దామోదరసామి రిజిస్టరులో 'మెరుగుదల లేదు' అని రాసి, దాన్ని పెద్దాయన పక్కన బల్లమీదే పెట్టాడు. పైన పెన్ను పెట్టాడు. వంటామె గురువమ్మాళ్ గుమ్మంలోకి టీ తెచ్చింది. "సంతకం టీ తాగి పెడతా. విరుదునగరు బస్సుకి ఇంకా టయం ఉంది," అంటూ ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

వాసుకి గింజలని డబ్బాలోకి ఏరసాగింది. ఒకటి రెండు కన్నీటిచుక్కలు కూడా డబ్బాలో పడ్డాయి.

"ఏడుస్తా ఉండావా తాయీ?"

"లేదు తాతా. రేపటినించి వేరే ఎవరన్నా వస్తారు. వాళ్ళనన్నా ఒక ఆట గెలవనీండి."

"ఆ కాయితం లేకుంటే ఉండేదానికి కాదా?"

"కాదు తాతా. మీ చెయ్యి లేచేది చూడాలని నాకు శానా ఆశ. ఏమి చేసేది."

"ఈ వయసులో మర్యాద పోతుందే," అని గొణిగాడు తిరుమలసామి. ఎవరి మర్యాదో వాసుకికి అర్థం కాలేదు. పీట ఎత్తుకుని అలమారలో పెట్టడానికి అటు తిరిగింది.

దామోదరసామి మూతి తుడుచుకుంటూ వచ్చి రిజిస్టరు తీసుకున్నాడు. జేబు తడుముకున్నాడు. రిజిస్టరు దులిపాడు. వంగి బల్ల కింద చూశాడు.

"నా పేనా ఏది?"

"ఇక్కడే పెట్టినారు సార్," అంది వాసుకి వెనక్కి వచ్చి. ఆమె కూడా వెతికింది. లేదు.

"గింజలు పోయె. ఇప్పుడు పేనా పోయె. ఈ హోములో దొంగ ఎవరమ్మా?"

"నేనే సామీ," అన్నాడు తిరుమలసామి.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన వాసుకినే చూస్తున్నాడు.

"ఆ గింజలూ నేనే తీసినాను తాయీ. ఒక గింజ తక్కువైతే నీ ఆట ఒక గుంట ముందరే ఆగిపోతుంది. రోజూ నీ దగ్గర ఓడిపోయేదానికి నాకు మనసు ఒప్పలే."

"ఎట్ల తీస్తారు తాతా? మీ కుడిచెయ్యి ఎప్పుడూ నా కళ్ళముందరే ఉంటుంది కదా."

పెద్దాయన కుడిచేత్తో ఒళ్ళోని తువాలు లాగేశాడు. దామోదరసామి వంగి, అక్కడ కనబడిన తన పెన్నుని పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. ఎడమచేతి ఐదు వేళ్ళూ దాన్ని వదల్లేదు.

"పిలిస్తే రాదు సామీ ఇది," అన్నాడు తిరుమలసామి సిగ్గుపడుతూ. "దొంగతనానికైతే ఒస్తుంది."