కంచె లోపలి గొర్రెతోకలు

"ఆ బుట్టమీద చెయ్యి పడిందంటే ఆ చెయ్యి నీది కాదు," అంది మీటా.

కొండ కాపలా అధికారి గర్ష్విన్ చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. రేకుల వసారా చూరుకి పదమూడు తీగబుట్టలు వేలాడుతున్నాయి. ఒక్కో బుట్టలోంచి కండపట్టిన కొమ్మలు మూరెడు కిందికి జారాయి. ఎండకి ఊదారంగు పూలు విచ్చుకున్నాయి. దక్షిణాఫ్రికాలోని ఎండుసీమ నమక్వాలాండ్ మొత్తంలో ఆ మొక్క పుట్టేది ఈ ఊరి వెనక కొండమీదే. ఊళ్ళో దాన్ని గొర్రెతోక అంటారు.

"కొండచుట్టూ కంచె ఎందుకేశామనుకున్నావ్ పెద్దమ్మా? దొంగలు వీటిని పెకిలించి దేశాలు దాటిస్తున్నారనే. నువ్వు చూస్తే వసారాలో తోరణాలు కట్టుకున్నావ్."

"ఇవి కొండవి కావు. మీ కంచె రాకముందు మా అమ్మ కిటికీకి వేలాడిన మొక్క పిల్లలు. కొమ్మ తుంచి, గాయం ఆరేదాకా పదిరోజులు నీడన పెట్టి, గరుకు ఇసకలో గుచ్చుతా. ఎండాకాలం చుక్క నీళ్ళు పొయ్యను. పోస్తే కుళ్ళిపోద్ది. మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా ఈ సంగతి?"

వాళ్ళ ఆఫీసులో మొక్కల చదువు చదివింది ఎల్మారీ ఒక్కతే. ఆ పిల్ల గర్ష్విన్ వెనకే రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది.

గర్ష్విన్ ఫోను ముందుకు పెట్టాడు. కొండమీద దాచిన కెమెరా తీసిన ఫొటో. రాళ్ళమధ్య మోకాళ్ళమీద వంగిన మీటా, వీపున గోనెసంచి, చేతిలో బొరిగె.

"ఇదెవరు?"

"నేనే. బాగానే పడ్డాను."

"కంచె దూకావా?"

"ఒక్కసారా? డెబ్బైయేళ్ళ మోకాళ్ళేసుకుని ఎన్నిసార్లు దూకానో. రాసుకో."

"అయితే పద కొండమీదికి. ఎన్ని లేపేశావో అక్కడే తేలుద్ది."

"పద. నాకేం భయమా?"

ఆమే ముందు నడిచింది. సగం దారిలో గర్ష్విన్ రొప్పుతూ ఓ బండకి చేరగిలబడ్డాడు. "టోపీ బరువుగా ఉందా నాయనా? ఇలా తే, నేను మోస్తా," అంది మీటా. ఎల్మారీ నవ్వు దాచుకోడానికి రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పైన రాతిచీలికల్లోంచి గొర్రెతోకలు విరగబూసి వేలాడుతున్నాయి. ఎల్మారీ ఒక్కో చీలికా వెతికి లెక్కపెట్టింది. రెండోసారీ పెట్టింది. గంటసేపటికి వచ్చి, "పోయినేడూ అరవైరెండే, ఇప్పుడూ అరవైరెండే. ఒక్కటీ తగ్గలేదు సార్," అంది.

గర్ష్విన్ చెమట తుడుచుకున్నాడు. అంతదూరం ఎక్కి ఉత్తచేతుల్తో దిగడం అతనికి ఇష్టంలేదు.

"తగ్గకపోతే ఏం? ఈ జాతి మొక్క ఎక్కడున్నా కొండ సొత్తే. బుట్టలన్నీ జప్తు."

మీటా అతన్ని తేరిపార చూసింది. తర్వాత గౌను కాస్త పైకి దోపుకుని చీలిక ముందు మోకాళ్ళమీద కూచుంది. ఓ మొక్క మొదట్లోకి వేళ్ళు దూర్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"నా మొక్కలు నువ్వు తీసుకుపో. ఇక్కడ నేను నాటినవి నేను తీసుకుపోతా."

"నాటావా?" అంది ఎల్మారీ మెల్లగా. "సంచిలో తెచ్చినవి..."

"ఆగాగు!" గర్ష్విన్ అడ్డం వచ్చాడు. "ముందు నువ్వు నాటినవి ఏవో చూపించు పెద్దమ్మా. మా మొక్కల జోలికి మాత్రం రాకు."

మీటా వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మీవెక్కడున్నాయి నాయనా? కంచె వేసిన ఏడే దొంగలు ఒక్కటి మిగల్చకుండా ఊడ్చుకుపోయారు. నువ్వు ఏటా లెక్కపెట్టుకుంటున్న ఈ అరవైరెండూ నేను పెంచినవే."