ప్రేమకు కుదిరిన క్యాండిడేటు

"అమ్మకి తొంభైనాలుగు శాతం కుదిరింది!" అని అరిచింది మేధ.

మోహన్‌కుమార్ నోట్లో పెట్టుకోబోయిన సంగటి ముద్ద అట్లే ఆగిపోయింది.

"ఎవరితో?"

"మునిశంకర్‌తో."

"వాడెవడే?"

మేధ సెల్లు చూపించింది. ఎంపీ ఎలక్షన్లని కాలేజీ పిల్లలు ఆన్‌లైన్లో పెట్టిన క్విజ్ అది. మనకి ఏం కావాలో నొక్కుకుంటా పోతే, అదే మాట చెప్పిన క్యాండిడేటు ఎవరో చివర్లో చూపిస్తుంది. పార్టీ ఉండదు, ఫోటో ఉండదు. పేరు, పక్కన శాతం, అంతే.

మేధ వాళ్ళమ్మ ప్రేమకి వచ్చింది మునిశంకర్. ఎవరో ఇండిపెండెంట్.

"మన పెళ్లికి జాతకాలు చూస్తే ఎన్ని కుదిరినాయే?" అని పెళ్లాన్ని అడిగినాడు మోహన్‌కుమార్.

"ముప్పైఆరుకి పద్దెనిమిది. పాస్ మార్కులే కదా అని చేసేసినారు."

"ఇన్నేండ్లు కాపురం చేసిన నాకు సగం. ముక్కూ మొగం తెలీనోడికి తొంభైనాలుగు!"

"నువ్వూ పోటీ చేసింటే నీదీ చూపించేది నాన్నా!"

ప్రేమ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. పెళ్లాం సిగ్గుపడినట్టు కనపడింది మోహన్‌కుమార్‌కి. కడుపులో అగ్గి పడింది. ఇంగ సంగటి యాడ దిగుతుంది?

మర్నాడు పొద్దున పనికి పోయే బెంగళూరు రైలు. అతను కోరమండల్ స్టేషన్లో ఎక్కేపాటికి సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. బంగారపేట దాటినాక, రైలు బయల్దేరే మారికుప్పంలోనే ఎక్కి కూర్చున్న ఒకాయన దినామూ లేచి తన సీటు ఇస్తాడు. పేరు తెలీదు. రైల్లో పేర్లెవరికి కావాల? మారికుప్పం అన్న, అంతే.

"కూర్చోప్పా. కాళ్ళు వాచినట్టుండాయే."

"ఈ పొద్దు కాళ్ళు కాదన్నా, కడుపు మండతా ఉండాది."

కూర్చుని కథంతా చెప్పినాడు. ఆయన పైన కమ్మీ పట్టుకుని నిలబడి విన్నాడు.

"వీధిలో పంచిన పాంప్లెట్లో ఫోటో కూడా లేదన్నా వాడిది. మొగం చూపించేదానికి భయమా?"

"దుడ్డు చాల్లేదేమోప్పా."

"దుడ్డు లేనోడికి ఎలక్షన్ ఎందుకు? నా పెళ్లాంతో జత కుదుర్చుకునేదానికా?"

పక్కనోళ్ళు పకపకా నవ్వినారు. మారికుప్పం అన్న కిటికీలోంచి బయటికి చూసినాడు.

అసూయకి తిండి పెట్టక్కర్లేదు, దానంతట అదే పెరుగుతుంది. మునిశంకర్ పాంప్లెట్‌ని ప్రేమ వంటింట్లో గోడకి అంటించింది. మోహన్‌కుమార్ పీకి చెత్తలో వేసినాడు. ఆమె ఇంకోటి తెచ్చి అంటించింది. పంతమంటే పంతం. దాంతో వీధిలో కనపడినోళ్ళకంతా చెప్పుకుంటా పోయినాడు: "వాడికా వేసేది? పెద్ద పార్టీ దగ్గర దుడ్డు తీసుకుని ఓట్లు చీల్చేదానికి నిలబడినాడంట!"

అన్నది తనే, పుట్టించింది తనే. రెండు దినాల్లో ఆ మాట తిరిగి తిరిగి రైల్లోకే వచ్చింది.

"మా వీధిలో వాడికి ఒక్క ఓటు పడదన్నా ఇంగ" అన్నాడు గొప్పగా.

మారికుప్పం అన్న కమ్మీ మీద చెయ్యి మార్చుకున్నాడు.

"దుడ్డు తీసుకున్నాడని నువ్వు చూసినావాప్పా?"

"చూసేదేముండాది? అందరూ తీసుకునేవాళ్ళే."

"అట్లానా" అన్నాడాయన. కర్చీఫుతో మొగం తుడుచుకున్నాడు. "ఎవురికైనా వెయ్యిప్పా, నీ ఓటు నీది. ఆయమ్మ ఏం నొక్కిందో మాత్రం ఒకసారి అడుగు. ఊరికే ఇంట్లో తగువెందుకు?"

ఆ మర్నాడూ బంగారపేట దాటినాక ఆయన లేచినాడు. "కూర్చోప్పా" అన్నాడు.

ఓట్ల దినం. ఇస్కూల్లో మొగోళ్ళ లైను, ఆడోళ్ళ లైను పక్కపక్కనే.

"అవునే, ఏం నొక్కినావు ఆ క్విజ్‌లో?" అని గొణిగినాడు మోహన్‌కుమార్.

"ఇంగా అదేనా? బెంగళూరుకి పనికి పోయేవాళ్ళకి మొదట ఏం కావాలని అడిగింది. రోడ్డు అని ఉండాది, ఇంగేమేమో ఉండాయి. రైలుకి పెట్టెలు పెంచాలని నొక్కినా. అన్నిటికన్నా ముఖ్యం ఏదంటే మళ్ళీ అదే నొక్కినా. దినామూ రాత్రి మీ కాళ్ళకి ఉప్పునీళ్ళు కాచేది నేనే కదండీ. ఆ మునిశంకర్ కూడా అదే చెప్పినాడంట. అందుకే అన్ని మార్కులు."

మోహన్‌కుమార్ తల వంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఒక్క గడియే. అంతలోనే పాత అగ్గి మళ్ళీ లేచింది.

నా కాళ్ళ నొప్పి వాడికెట్లా తెలిసె? నా పెళ్లాం కాచే ఉప్పునీళ్ళ మధ్యలో వాడికేం పని?

లోపలికి పోయినాడు. పేర్లు చదవలేదు. అయిదేండ్లుగా తాను తిడతా ఉండిన పార్టీ గుర్తే వెతికినాడు. మునిశంకర్‌కి పడకుంటే చాలు, ఎవురికి పడితేనేం? కసిగా నొక్కినాడు.

మిషను కుయ్యిమంది.

అప్పుడు పడింది కన్ను, రెండు వరసల కింద. మునిశంకర్ అనే పేరు పక్కన చిన్న ఫోటో.

దినామూ బంగారపేట దాటినాక లేచి తనకి సీటిచ్చి, బెంగళూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే మారికుప్పం అన్న.