ఆరాల బాబాయి

"పని అనుమతి వచ్చేసింది!"

ఫోన్ పట్టుకుని తింజార్ మంచం మీంచి ఒక్క గంతు వేసింది. పెళ్లయి నెల కూడా కాని మొగుడు కో నాయింగ్ టీ ఒలకబోసుకున్నాడు.

ఇక వారానికి ఇరవై గంటలు దాటినా పని చేసుకోవచ్చు. ఫీజు కట్టొచ్చు. చదువు ఆగదు.

అంతలోనే ఆమె మొహం మారింది.

"కానీ ఎలా ఇచ్చారు? దరఖాస్తులో ఇంటి కష్టం రాయమన్నచోట నేనేమీ రాయలేదుగా!"

రాయడానికి భయం. భూకంపంలో బర్మాలో, సగైంగ్ ఊళ్లోని ఇల్లు కూలింది, నాన్న మగ్గాలు మట్టిలో కలిశాయి. నిజమే. కానీ ఆ కాగితం సైన్యం కంటపడితే? వాళ్లకు దొరక్కుండా పారిపోయిన తమ్ముడి కోసం అమ్మానాన్నల మీద పడరూ?

ఇద్దరూ యూనివర్సిటీ ఆఫీసుకు పరుగెత్తారు.

విదేశీ విద్యార్థుల పని చూసే మార్జరీ నవ్వింది.

"మీ పెద్దాయన తెచ్చిచ్చాడుగా! కూలిన ఇంటి ఫొటో, మీ ఊరి బౌద్ధ మఠం గురువు ఉత్తరం."

తింజార్ ఉత్తరం గబగబా చదివింది. తమ్ముడి ఊసే లేదు.

"ఏ పెద్దాయన?"

"సాన్ ల్విన్. క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాడు."

ఆ ముసలాయనా!

కనిపిస్తే చాలు, "అన్నం తిన్నావా? మీదే పేట? ఇల్లు నిలిచిందా?" అని ఆరాలు. పేట పేరు ఒకసారి నోరు జారింది కూడా. ఆయన సైన్యం మనిషని, వేగు అని బర్మా పిల్లలందరికీ చెప్పింది తనే. ఆయన వచ్చి కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది.

"'బాబాయ్, నా మీద రిపోర్టు పంపేశారా?' అని మొహం మీదే అడిగావు కదే!" అన్నాడు కో నాయింగ్.

"నువ్వూరుకో!"

ఆ రోజు ఆ మాటకు ఆయన నవ్వి, "ముందు తిను తల్లీ" అన్నాడు.

"ఇప్పుడెక్కడున్నారు? క్షమించమని అడగాలి."

మార్జరీ నవ్వు ఆగిపోయింది.

"మీకు తెలీదా? పోయిన వారం గుండె ఆగిపోయింది."

తింజార్‌కు ఏమీ అర్థం కాలేదు. తను ఆయనకు ఏమవుతుందని ఇంత తాపత్రయం?

"రేపు ఏడో రోజు. ఇక్కడి మఠంలో భోజనాలు, మీరూ రండి" అంది మార్జరీ. "బర్మాలో తను చదువుకునే రోజుల్లో, సైన్యం ఎంత కొట్టినా తోటి విద్యార్థుల్లో ఒక్కరి పేరూ చెప్పకుండా పదకొండేళ్లు జైల్లో ఉన్నాడట, ఆ చెప్పని పేర్ల వాళ్లంతా వస్తున్నారు."