స్కెల్‌గార్త్ వారి మూలపురుషుడు

"ఇంగ్లండు మొత్తంలో పదకొండు మందిమే ఉన్నాం స్కెల్‌గార్త్‌లం. నువ్వు పెంచుకునే అనాథపిల్లకి మన ఇంటిపేరా?" అని మా అమ్మాయి హెస్టర్ మీద ఎగిరిపడ్డాను.

మాది వెయ్యేళ్ల కిందట ఇంగ్లండును జయించిన నార్మన్ వీరుల వంశమని రుజువు తేవడానికి మర్నాడే తాతలనాటి ఊరి చర్చికి వెళ్లాను. వంశచిహ్నమని బజారులో కొన్న సింహం టై కూడా కట్టుకున్నాను.

పాత రిజిస్టర్లు చూసే ముసలావిడ ఒక పేజీ దగ్గర ఆగింది.

"ఇదిగోనయ్యా, మీ మొదటాయన. పసికందుగా పందుల దొడ్డిలో దొరికాడట. అలాంటి పిల్లలకి దొరికిన చోటి పేరే పెట్టేవారు. స్కెల్‌గార్త్ ఆ దొడ్డి పేరే."

సింహాన్ని జేబులో కుక్కుకుని బయటికొచ్చి హెస్టర్‌కు ఫోన్ చేశాను.

"ఏం నాన్నా, దొరికాడా మీ వీరుడు?"

"దొరికాడమ్మా. ఆ పిల్ల మన ఇంటిపేరుకి ఒప్పుకుంటుందేమో, కాస్త మెల్లిగా అడిగి చూడు."