గోడ అడిగిన కుశలం

ఆ ఏడు కొత్త జ్వరం ఊళ్ళను చుట్టబెట్టినప్పుడు, ఆసుపత్రిలో మంచం ఎవరికివ్వాలో తేల్చే పని మాటలు నేర్చిన యంత్రపు గోడలకు అప్పగించారు. విజయనగరంలోని ఆ వృద్ధాశ్రమంలోనూ గది గోడే పొద్దున్నే జబ్బుమనిషిని పలకరించి, జవాబు విని, అంబులెన్సు పంపాలో వద్దో చెప్పేది. పక్కవాళ్ళ మాట చెల్లదు.

ఆయాసంతో మంచానికి అంటుకుపోయిన పైడితల్లమ్మగారికి ఆయా గౌరీశ్వరి ముందే నూరిపోసింది.

"మామ్మగారూ, అడగ్గానే ఊపిరాడ్డం లేదని సెప్పండి. ఆ ఒక్క ముక్కే. మరేం మాటాడకండి."

"అలాగేలే," అందావిడ.

తెల్లారింది. "నమస్కారమండీ, ఎలా ఉన్నారు?" అని గోడ మెత్తగా అడిగింది.

కుశలమడిగిన పరాయివాళ్ళ ముందు రోగాల చిట్టా విప్పకూడదని నేర్చుకుని పెరిగిన మనిషి. ఆవిడ పమిట సర్దుకుంది. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, "నాకేం బాబూ, బాగానే ఉన్నాను. నువ్వు కాఫీ తాగావా?" అంది.

"అయ్యో, అది మనిషి కాదు మామ్మా!" అని గౌరీశ్వరి నెత్తి కొట్టుకుంది.

గోడ ఆమె మాట వినిపించుకోలేదు. "సంతోషమండీ" అని, అంబులెన్సును మరో ఆశ్రమానికి మళ్ళించింది.

"ఎంత ఆప్యాయంగా అడిగాడే," అంది పైడితల్లమ్మగారు రొప్పుతూ. "అలాంటివాడి దగ్గర ఏడుస్తామా?"

మర్నాడు పొద్దున్న గోడ మళ్ళీ ఎలా ఉన్నారని పలకరించింది. గౌరీశ్వరి ఖాళీ మంచం మీది దుప్పటి మడతపెడుతోంది. కాఫీ తాగావా అని దాన్ని అడిగేవాళ్ళు ఆ గదిలో ఇక లేరు.